నాన్న జబ్బు దాచారు, ఇప్పుడు అన్నయ్యకు కిడ్నీ ఇవ్వమంటున్నారు

ప్రశ్న: నాకు 36 ఏళ్ళు. కూకట్‌పల్లిలో ఉంటాం. పాపకు 14, బాబుకు 9. మల్కాజిగిరిలో ఉండే మా అన్నయ్యకు 44. ఆరు నెలల క్రితం కాళ్ళు వాస్తే పరీక్షలు చేయించాడు. కిడ్నీ పని తగ్గితే రక్తంలో పెరిగే క్రియాటినిన్ 5.2 వచ్చింది. రెండు కిడ్నీల నిండా నీటి బుడగలున్నాయి, పాలిసిస్టిక్ అన్నారు. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని డాక్టర్ అడిగితే అమ్మ లేదంది. పోయిన నెల ఒక శుభకార్యంలో పిన్ని నోరు జారింది. నాన్నకూ ఇదే జబ్బట. నాన్న 46 ఏళ్ళకే పోయారు. గుండెపోటని మాకు చెప్పారు గానీ నిజానికి తలలో రక్తనాళం చిట్లిందట. మేనత్త కూడా డయాలసిస్ మీద ఉండగానే పోయిందట. మా పెళ్ళిళ్ళు ఆగిపోతాయని అమ్మ 22 ఏళ్ళు ఈ సంగతి కడుపులో పెట్టుకుంది. ఇప్పుడేమో "నీ కిడ్నీ అన్నయ్యకివ్వు, మీ ఆయనకు మాత్రం వాడి కిడ్నీలు బీపీ వల్ల పోయాయని చెప్పు" అంటోంది. నా క్రియాటినిన్ 0.8 ఉంది కాబట్టి నాకేం లేదట. మొన్న మాత్రం బీపీ 146/94 వచ్చింది, టెన్షన్ వల్లేమో అనుకున్నాను. అమ్మకు 64, షుగర్, బీపీ లేవు. అన్నయ్య కూతురికి 21. ఆ అమ్మాయిని మేనత్త మనవడికే ఇవ్వాలని మాటలు నడుస్తున్నాయి. నెల రోజులుగా అమ్మతో మాట్లాడటం లేదు. ఏం చేయాలో తోచడం లేదు.

సమాధానం: అన్నయ్యకు ఇస్తానని గానీ, ఇవ్వనని గానీ ఇప్పుడే ఎవరికీ మాట ఇవ్వకండి. మీ కిడ్నీల పరిస్థితి ఏమిటో మీకే తెలియనప్పుడు ఆ మాటకు విలువ లేదు. ముందు ఇస్తానని తర్వాత వెనక్కి తగ్గితే ఆ నింద మీ మీద పడుతుంది. అమ్మ మీద కోపం, వదిన ముఖం, మీవారికి ఏం చెప్పాలన్న బెంగ అన్నీ ఉన్నా, ఈ వారం మీ పని ఒక్కటే. మీకు ఆ జబ్బు ఉందో లేదో తేల్చుకోండి. మిగతా ప్రశ్నల్లో సగం దానితోనే తేలిపోతాయి.

అమ్మ చెప్పిన 0.8 క్రియాటినిన్ లెక్కను నమ్మకండి. ఈ జబ్బులో బుడగలు చిన్నతనం నుంచే మొదలై ఏటేటా పెరుగుతాయి. కిడ్నీలో పాడైన భాగం పనిని బాగున్న భాగం మీద వేసుకుని చేస్తుంది కాబట్టి పాతికేళ్ళు, ముప్ఫై ఏళ్ళు క్రియాటినిన్ మామూలుగానే కనిపిస్తుంది. మామూలు కిడ్నీ పొడవు 10 నుంచి 12 సెంటీమీటర్లు. ఈ జబ్బులో 18, 20 సెంటీమీటర్లకు ఉబ్బిన కిడ్నీ కూడా కొందరిలో ఇంకా మామూలు క్రియాటినినే చూపిస్తుంది. అంకె పెరగడం మొదలయ్యేసరికి నష్టం చాలావరకు జరిగిపోయి ఉంటుంది. మీ అన్నయ్యకు జరిగింది అదే. క్రియాటినిన్ కంటే ముందు కదిలేది బీపీ. అందుకే మీ 146/94ను టెన్షన్ ఖాతాలో వేయడం నాకు నచ్చలేదు. 36 ఏళ్ళకు, ఈ కుటుంబ చరిత్రతో, ఆ అంకె వచ్చిన మనిషి స్కాన్ చేయించుకోవాల్సిందే.

తండ్రికి ఈ జబ్బు ఉంటే పుట్టే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. అన్నయ్యకు వచ్చేసింది కాబట్టి మీరు తప్పించుకున్నట్టు లెక్క కాదు. ప్రతి కాన్పుకూ ఆ లెక్క మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది. ఆడపిల్లలకు రాదనే మాట కూడా తప్పు. ఒక ఊరట మాత్రం ఉంది. ఇది తరం దాటి దూకదు. మీకు లేదని గట్టిగా తేలితే మీ పాపకూ బాబుకూ మీ వైపు నుంచి ఈ భయం లేనట్టే.

స్కాన్ అంటే మామూలు అల్ట్రాసౌండ్, పొట్ట మొత్తానిది. ఆరు గంటలు ఏమీ తినకుండా, మూత్రం నిండుగా ఉంచుకుని వెళ్ళండి. రిపోర్టు రాసేవాళ్ళు "చిన్న సిస్టులు ఉన్నాయి" అని ఒక్క ముక్కతో వదిలేస్తుంటారు. సిస్టులంటే ఈ నీటి బుడగలే. అది మీకు పనికిరాదు. కుడి కిడ్నీ పొడవు, ఎడమ కిడ్నీ పొడవు, ఒక్కో దాంట్లో ఎన్ని సిస్టులున్నాయి, కాలేయంలో ఏమైనా ఉన్నాయా అన్నవి రిపోర్టులో రాయమని ముందే అడగండి. కుటుంబంలో జబ్బు ఉందని తెలిసిన 15 నుంచి 39 ఏళ్ళ వాళ్ళలో రెండు కిడ్నీలూ కలిపి మూడు, అంతకంటే ఎక్కువ సిస్టులు కనిపిస్తే జబ్బు ఉన్నట్టే లెక్క. 40 నుంచి 59 ఏళ్ళ మధ్య వాళ్ళకైతే ఒక్కో కిడ్నీలో కనీసం రెండేసి ఉండాలి.

ఇంకో చిన్న విషయం. స్కాన్ సెంటర్ వాళ్ళు రిపోర్టును రిజిస్టర్ చేసిన నంబరుకు వాట్సాప్‌లో పంపేస్తారు. అక్కడ మీ సొంత నంబరే ఇవ్వండి. ఇంట్లో అందరూ చూసే ఫోనుకో, అన్నయ్య నంబరుకో పోతే మీరు చదవకముందే బంధువుల గ్రూపులో చర్చ మొదలవుతుంది.

స్కాన్‌లో ఒక్క సిస్టు కూడా లేకపోతే చాలావరకు ఊపిరి పీల్చుకోవచ్చు. అయితే దాత కావాలంటే "చాలావరకు" చాలదు. ఈ జబ్బుకు ప్రధానంగా రెండు జీన్లు కారణం, పీకేడీ-1, పీకేడీ-2. రెండోది నెమ్మదైన రకం. అందులో బుడగలు ఆలస్యంగా వస్తాయి కాబట్టి 36 ఏళ్ళకు అల్ట్రాసౌండ్ శుభ్రంగా ఉన్నా చిన్న సందేహం మిగులుతుంది. అందుకని కిడ్నీలకు ఎం.ఆర్.ఐ తీస్తారు. మీ వయసులో మొత్తం ఐదు కంటే తక్కువ సిస్టులుంటే జబ్బు లేదని, పది కంటే ఎక్కువుంటే ఉందని చెప్పొచ్చు. మధ్యలో పడితే జీన్ పరీక్ష చేయాలి.

జీన్ పరీక్షలో చాలామంది తొందరపడి తప్పు చేసే చోటు ఒకటుంది. మొదట మీది చేయించకండి, అన్నయ్యది చేయించండి. జబ్బు ఉన్న మనిషిలో ఏ మార్పు వల్ల వచ్చిందో పట్టుకుంటే, ఆ ఒక్క మార్పు మీలో ఉందా లేదా అని వెతకడం తేలిక, ఖచ్చితం కూడా. అన్నయ్యను వదిలేసి మీ రక్తం పంపితే "ఏమీ దొరకలేదు" అని రావచ్చు. దాని అర్థం మీకు లేదనా, ల్యాబుకు దొరకలేదనా అన్నది ఎవరూ చెప్పలేరు. పైగా పీకేడీ-1ను పోలిన నకిలీ జీన్లు అదే క్రోమోజోమ్ మీద ఆరు ఉన్నాయి. వాటిని విడదీసి చదివే పద్ధతి ఉందా అని ల్యాబును సూటిగా అడగండి. హైదరాబాద్‌లో ఈ పని తెలిసిన చోట్లకు కొదవ లేదు. పంజాగుట్ట నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం, ఉప్పల్‌లో డీఎన్ఏ పరీక్షలు చేసే సంస్థ సీడీఎఫ్‌డీ, బేగంపేటలో ఉస్మానియా యూనివర్సిటీ జెనెటిక్స్ ఇన్‌స్టిట్యూట్ ఉన్నాయి. నేరుగా రక్తం ఇచ్చి రాకుండా ముందు జెనెటిక్ కౌన్సెలింగ్‌కు, అంటే వంశపారంపర్య జబ్బుల నిపుణులతో మాట్లాడటానికి, కూర్చోండి. వెళ్ళేటప్పుడు ఒక తెల్లకాగితం మీద తాత, నాయనమ్మ దగ్గర్నుంచి మీ పిల్లల దాకా పేర్లు, వయసులు, ఎవరు ఏ వయసులో దేనివల్ల పోయారో రాసి తీసుకెళ్ళండి. ఆ కాగితం లేకపోతే మొదటి అరగంట దానికే పోతుంది.

ఇప్పుడు మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించిన సంగతి. మీరు దాన్ని ఒక వాక్యంలో దాటేశారు. మీ నాన్నగారు పోయింది తలలో రక్తనాళం చిట్లి. ఈ జబ్బు ఉన్నవాళ్ళలో మెదడు రక్తనాళాల గోడ కొన్నిచోట్ల పలచబడి బుడిపెలా ఉబ్బుతుంది. మామూలు జనంలో ఇది సుమారు నూటికి ముగ్గురిలో కనిపిస్తే, పాలిసిస్టిక్ ఉన్నవాళ్ళలో పది మంది దాకా కనిపిస్తుంది. కుటుంబంలో అలా చిట్లి ఎవరైనా పోయి ఉంటే అవకాశం ఇంకా ఎక్కువ. అందుకే అలాంటి కుటుంబంలో జబ్బు తేలిన వాళ్ళకు ముందుగానే తల స్కాన్ చేయమంటారు. అన్నయ్య డాక్టర్లకు ఈ ముక్క తెలియదు. అమ్మ "ఎవరికీ లేదు" అన్న మాటే ఫైలులో ఉంది. రేపు మార్పిడి ఆపరేషన్‌కు మత్తు ఇచ్చేవాళ్ళకు ఈ సంగతి తెలిసి తీరాలి. మిగతావి ఆగినా ఇది ఆగదు. అన్నయ్య కిడ్నీ డాక్టర్‌కు (నెఫ్రాలజిస్టుకు) ఈ వారమే చెప్పండి, అన్నయ్య చేతే చెప్పించండి. ఆ పరీక్ష పేరు ఎం.ఆర్. యాంజియోగ్రామ్. మెదడుకు దీన్ని రంగు మందు ఎక్కించకుండానే తీయొచ్చు, ఆయన కిడ్నీల స్థితిలో అలా తీయడం అవసరం కూడా. మీకు జబ్బు తేలితే మీకూ అదే పరీక్ష. ఏమీ లేకపోతే ఐదు నుంచి పదేళ్ళకోసారి మళ్ళీ చూస్తారు. చిన్న ఉబ్బు ఉంటే చాలాసార్లు ఆపరేషన్ లేకుండా గమనిస్తూ ఉంటారు. ఈలోగా మీ ఇద్దరిలో ఎవరికైనా ఎన్నడూ ఎరగనంత తలనొప్పి పిడుగు పడ్డట్టు ఒక్కసారిగా వచ్చి, వాంతి అయినా, మెడ బిగుసుకున్నా మాత్ర వేసుకుని పడుకోవద్దు. 108కి ఫోన్ చేయాలి.

బీపీ సంగతి. క్లినిక్‌లో ఒక్కసారి చూసిన అంకెతో నిర్ణయాలు వద్దు. చేతికి పట్టీ వేసే డిజిటల్ మిషన్ ఇంట్లో ఉంచుకోండి. ఐదు నిమిషాలు కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకు తాకేలా కూర్చోండి. మూత్రానికి వెళ్ళి రండి, కాఫీ తాగిన అరగంట లోపు చూడకండి, చూసేటప్పుడు మాట్లాడకండి. పొద్దున రెండుసార్లు, రాత్రి రెండుసార్లు, ఏడు రోజులు చూసి రాయండి. మొదటి రోజు అంకెలు కొట్టేసి మిగతావాటి సగటు తీయండి. ఇంట్లో చూసిన సగటు 135/85 దాటితే అది బీపీయే. జబ్బు ఉన్నట్టు తేలి, కిడ్నీ పని బాగానే ఉంటే, 50 లోపు వాళ్ళకు తట్టుకోగలిగితే 110/75 దాకా తగ్గించమంటారు. మామూలు బీపీ రోగికి చెప్పే లక్ష్యం కంటే ఇది చాలా తక్కువ, డాక్టర్ అలా చెప్తే కంగారు పడకండి. కిడ్నీని కాపాడే బీపీ మందులు కొన్ని గర్భం దాల్చే వయసులో జాగ్రత్తగా వాడాలి. ఇంకో కాన్పు ఆలోచన ఉంటే ముందే చెప్పండి.

జబ్బు ఉన్నా మీ అన్నయ్య దారిలోనే మీరూ పోతారని ఏమీ లేదు. 36 ఏళ్ళకు తెలియడానికీ, 44 ఏళ్ళకు కాళ్ళు వాచాక తెలియడానికీ మధ్య చాలా ఏళ్ళ తేడా ఉంటుంది. ఉప్పు రోజుకు ఐదు గ్రాముల లోపు, అంటే వంటలో వేసేది, ఆవకాయలోది, అప్పడంలోది, ఊరమిరపకాయల్లోది అన్నీ కలిపి ఒక చిన్న చెంచా. కిడ్నీ పని బాగున్నంత కాలం రోజుకు రెండున్నర, మూడు లీటర్ల నీళ్ళు. ఈ నీళ్ళ మాట మీకే, అన్నయ్యకు కాదు. ఆయన ఎంత తాగాలో ఆయన డాక్టరే చెప్పాలి. ఒళ్ళు నొప్పులకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ మాత్రలు మానేయండి. బుడగలు వేగంగా పెరిగే వాళ్ళకు టోల్వాప్టాన్ అనే మందు ఉంది. దాన్ని కాలేయ పరీక్షలు చేస్తూ నిపుణులే ఇవ్వాలి. "సిస్టులు కరిగిస్తాం" అని భస్మాలు, కషాయాలు అమ్మేవాళ్ళ దగ్గరికి మాత్రం ఎవరు చెప్పినా వెళ్ళకండి. ఈ బుడగలను కరిగించే మందు ఏ వైద్యంలోనూ లేదు. ఆ భస్మాల్లో సీసం, పాదరసం ఉంటే మిగిలిన కిడ్నీ కూడా పోతుంది.

కిడ్నీ ఇవ్వడం గురించి. మీకు జబ్బు ఉందని తేలితే ప్రశ్నే లేదు, మిమ్మల్ని దాతగా ఏ డాక్టరూ ఒప్పుకోడు. లేదని తేలితే వైద్యపరంగా ఒక అడ్డంకి పోయినట్టే. అప్పుడు మాత్రమే ఇస్తారా లేదా అన్నది మీ నిర్ణయం. పుట్టింటి రుణం తీర్చుకోవడానికో, అమ్మ ఏడుస్తోందనో తీసుకునేది కాదిది. మార్పిడి చేసే ఆస్పత్రిలో దాతను ఒంటరిగా కూర్చోబెట్టి మాట్లాడతారు. దాత స్త్రీ అయితే ఆమె స్వేచ్ఛగానే ఒప్పుకుందా అని, కిడ్నీ తీసుకునే మనిషితో కాకుండా వేరే వ్యక్తితో నిర్ధారించుకోవాలని అవయవ మార్పిడి నిబంధనల్లోనే ఉంది. ఆ గదిలో "నాకు ఇష్టం లేదు" అని చెప్తే చాలు. కారణం బయట పెట్టకుండా "ఈమె దాతగా సరిపోదు" అని మాత్రమే ఇంట్లో వాళ్ళకు చెప్పమని మీరు అడగొచ్చు. డాక్టర్లు ఆ మాట మన్నిస్తారు.

ఇంకోటి, ఎవరూ ఆలోచించినట్టు లేదు. ఈ జబ్బు వచ్చింది నాన్న వైపు నుంచి. అమ్మ కిడ్నీల్లో ఈ జీన్ లేదు. 64 ఏళ్ళు, షుగర్ లేదు, బీపీ లేదు అని మీరే రాశారు. మన దగ్గర ఆ వయసు తల్లులు కిడ్నీ ఇస్తూనే ఉన్నారు. గుండె, కిడ్నీ పనితీరు పరీక్షల్లో నెగ్గితే ఈ కుటుంబంలో ఈ జబ్బు పరంగా అనుమానమే లేని దాత ఆమె. ఇది ఆమెకు శిక్షగా చెప్పడం లేదు. ఇస్తే శిక్షలా ఇవ్వకూడదు కూడా. కానీ డాక్టర్ ముందు ఈ పేరు పెట్టకుండా నేరుగా మీ దగ్గరికి రావడం సరి కాదు. వదిన కూడా ఇవ్వొచ్చు, చట్టం ప్రకారం భార్య దగ్గరి బంధువే. రక్తం గ్రూపు కలవకపోతే ఇలాగే కలవని ఇంకో జంటతో మార్పిడి చేసుకునే వీలు కూడా చట్టంలో ఉంది. ఎవరూ కుదరకపోతే, చనిపోయినవారు దానం చేసే అవయవాల కోసం ఉన్న జీవన్‌దాన్ జాబితా ఉంది. మార్పిడి చేసే ఆస్పత్రి ద్వారానే పేరు నమోదు చేయాలి. ఇంట్లో దాత దొరుకుతాడని ఆశపడి ఆ నమోదును వాయిదా వేస్తుంటారు. రెండూ ఒకేసారి నడపండి. ఎవరి కిడ్నీ పెట్టినా అందులో ఈ జబ్బు మళ్ళీ రాదు. జీన్ ఆయన ఒంటిదే గానీ కొత్త కిడ్నీది కాదు.

5.2 క్రియాటినిన్ అంటే ఆయన వయసుకు కిడ్నీ పనితీరు 13 శాతం దగ్గర ఉన్నట్టు. డయాలసిస్ దగ్గర్లోనే ఉందని దాని అర్థం. చేతికి ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం చేతిలో రెండు రక్తనాళాలను కలపడం) వేయించుకోవడం గురించి ఇప్పుడే అడగమనండి. అది సూది వేయడానికి పనికొచ్చేలా ముదరడానికి కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఆలస్యం చేస్తే మెడలో గొట్టంతో, దాని ఇన్ఫెక్షన్లతో అవస్థ. కుడిచేతి వాటం అయితే ఎడమ చేతికి ఇకనుంచి రక్తం తీయనివ్వకూడదు, సెలైన్ పెట్టనివ్వకూడదు, బీపీ పట్టీ కట్టనివ్వకూడదు. డయాలసిస్, మార్పిడి రెండూ ఆరోగ్యశ్రీలో ఉన్నాయి. కార్డు వివరాలు ముందే సరిచూసుకోండి.

అమ్మతో మాట్లాడటం మొదలుపెట్టండి. క్షమించమని చెప్పడం లేదు. అది మీ చేతిలో ఉన్నది, ఎప్పుడో ఒకప్పుడు వస్తే వస్తుంది, రాకపోయినా మీ తప్పు కాదు. కానీ నాన్న జబ్బుకు ఇప్పుడు బతికున్న సాక్షి ఆమె ఒక్కతే. 42 ఏళ్ళకు భర్త పోయి, పెళ్ళి కావలసిన కొడుకూ బడికెళ్ళే కూతురూ చేతిలో ఉన్న మనిషికి "ఈ కుటుంబంలో కిడ్నీ జబ్బు ఉంది" అనే మాట ఎంత భయం పెట్టి ఉంటుందో ఊహించగలం. ఆ భయం నిజమే. దాని వల్ల అన్నయ్య ఇరవై ఏళ్ళ బీపీ వైద్యం పోగొట్టుకున్నది కూడా నిజమే. ఈ రెండూ ఒకదాన్నొకటి చెరిపేయవు.

తను ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్ళండి. అన్నయ్య, వదిన ఎదురుగా అడిగితే ఆమె గోడలా నిలబడుతుంది. "అమ్మా, నాన్న సంగతి నాకు తెలిసింది. ఎందుకు దాచావని ఈరోజు అడగను. డాక్టర్‌కు చెప్పడానికి నాకు కొన్ని వివరాలు కావాలి, నీకు తప్ప ఎవరికీ తెలియవు" అని మొదలుపెట్టండి. తర్వాత ఒక్కొక్కటే అడగండి. నాన్నకు బీపీ ఎన్నో ఏట మొదలైంది? మూత్రంలో రక్తం పడిందా? నడుము పక్కన నొప్పి ఉండేదా? ఆఖరి రోజు తలనొప్పి ఎలా వచ్చింది? అత్తకు డయాలసిస్ ఏ వయసులో మొదలైంది? తాత, నాయనమ్మల్లో ఎవరికి ఉండేది? బీరువాలో పాత కాగితాలు, ఎక్స్‌రే కవర్లు ఏమైనా ఉన్నాయా? డయాలసిస్ ఏ వయసుకు వచ్చిందన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, మీ కుటుంబంలో ఏ జీన్ ఉండొచ్చో డాక్టర్ దాన్ని బట్టే అంచనా వేస్తారు. ఆమె ఏడిస్తే ఆగండి, మాట మార్చకండి. ఒక్క పూటలో అన్నీ రావు. మళ్ళీ వెళ్ళండి.

మీవారికి అబద్ధం చెప్పవద్దు. దాత పరీక్షలకు వారాలు తిరగాలి, ఆపరేషన్ తర్వాత కొన్ని రోజులు ఆస్పత్రిలో ఉండాలి, నెల దాటే దాకా బిందె, సిలిండర్ ఎత్తకూడదు. ఇవన్నీ దాచి కాపురం చేయలేరు. పైగా ఇది ఆయన పిల్లల సంగతి కూడా. మీ ఎం.ఆర్.ఐ వచ్చే దాకా ఆగి, ఫలితంతో సహా చెప్పినా తప్పు లేదు. అత్తగారికి చెప్పాలా వద్దా అన్నది మాత్రం పూర్తిగా మీ ఇష్టం. ఎవరికి చెప్పి తీరాలి అనేదానికి నా లెక్క ఇదీ: వైద్యం చేసే వాళ్ళకు, మీతో కాపురం చేసే మనిషికి, నాన్న రక్తం పంచుకున్న వాళ్ళకు. మిగతావాళ్ళకు మీరు బాకీ లేరు.

పిల్లలకు ఇప్పుడే స్కాన్లు వద్దు. ముందు మీది తేలనివ్వండి. మీకు ఉందని తేలితే ఏడాదికోసారి ఇద్దరికీ బీపీ చూపించండి, పిల్లల సైజు పట్టీతో. 14 ఏళ్ళకు స్కాన్ శుభ్రంగా ఉన్నా జబ్బు లేదని చెప్పలేం, ఉందని తేలితే ఆ వయసులో ఆ బరువు ఎలా మోస్తుందో ఆలోచించాలి. బీపీ ఎక్కువున్నా, మూత్రంలో రక్తం పడినా అప్పుడు పిల్లల కిడ్నీ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. ఆరోగ్య బీమా తీసుకుంటుంటే ఫారంలో కుటుంబ చరిత్ర అడిగితే ఉన్నది ఉన్నట్టు రాయండి. ముందే ఉన్న జబ్బులకు గరిష్ఠంగా 36 నెలలు ఆగితే సరిపోతుందని 2024 నుంచి నిబంధన ఉంది. దాచి తీసుకున్న పాలసీ అసలు అవసరం వచ్చిన రోజున తిరస్కారానికి గురవుతుంది.

మేనకోడలి పెళ్ళి మాటలు ముందు ఆపించండి. రద్దు చేయమని అనడం లేదు, నెల రోజులు ఆగమని. అన్నయ్యకు జబ్బు ఉంది కాబట్టి ఆ అమ్మాయికి సగానికి సగం అవకాశం. మేనత్తకూ ఉండేది కాబట్టి ఆమె కొడుకుకో కూతురికో సగం, ఆ మనవడికి నాలుగో వంతు. ఇద్దరికీ ఉండి పెళ్ళయితే, వాళ్ళకు పుట్టే ప్రతి బిడ్డకూ ఇద్దరి నుంచీ జబ్బు జీన్ వచ్చే అవకాశం నాలుగో వంతు. అలాంటి గర్భాలు చాలాసార్లు నిలవవు. దీన్ని తేల్చడానికి అబ్బాయిని కూడా కదపక్కర్లేదు. మేనత్త రక్తం ఏ వైపు నుంచి ఉందో, ఆ అబ్బాయి తల్లిగానీ తండ్రిగానీ ఒక్క అల్ట్రాసౌండ్ చేయించుకుంటే చాలు. 40 దాటిన మనిషి రెండు కిడ్నీల్లో కలిపి రెండు సిస్టులు కూడా లేకపోతే జబ్బు లేనట్టే, అబ్బాయికీ లేనట్టే. ఇక అమ్మాయికి 21, మేజరు. తనకు తెలియాల్సింది ఏ సంబంధమైనా ఖాయం కాకముందే తెలియాలి. చెప్పాల్సింది అన్నయ్యే. మీరు ఆయనకు తోడుండండి. పరీక్ష చేయించుకోవాలా వద్దా అన్నది ఆమె నిర్ణయం. కిడ్నీ పని బాగున్నప్పుడు, బీపీ అదుపులో ఉన్నప్పుడు ఈ జబ్బు ఉన్న చాలామంది ఆడవాళ్ళకు కాన్పులు బాగానే జరుగుతాయని, జబ్బు బిడ్డకు రాకుండా పిండ దశలోనే పరీక్ష చేసే మార్గం కూడా ఉందని ఆమెకు తెలియాలి. ఆ మాటలు బంధువుల నోట కాకుండా జెనెటిక్ కౌన్సెలర్ నోట వింటే మంచిది.

మిగిలింది బాబాయిలు, అత్త పిల్లలు. వాళ్ళలో ఎవరికో ఈ క్షణంలో బీపీ ఉండి, టెన్షన్ అనుకుంటూ ఉండొచ్చు. కుటుంబ గ్రూపులో పెట్టకుండా ఒక్కొక్కరికీ విడిగా పంపండి. అన్నయ్య అనుమతి తీసుకుని ఇలా రాయొచ్చు: "బావా, అన్నయ్యకు పాలిసిస్టిక్ కిడ్నీ అని తేలింది. ఇది వంశంలో వచ్చే జబ్బు. నాన్నకూ, అత్తకూ ఇదే ఉండేదని ఇప్పుడు తెలిసింది. నాన్న పోయింది తలలో రక్తనాళం చిట్లి. నువ్వూ, 18 దాటిన పిల్లలూ ఒకసారి బీపీ, అల్ట్రాసౌండ్ చేయించుకుని, ఈ మెసేజ్ డాక్టర్‌కు చూపించండి. ముందే తెలిస్తే బీపీ మందులతో చాలా ఏళ్ళు కాపాడుకోవచ్చట. నీకు ఎప్పుడు వీలైతే అప్పుడు ఫోన్ చెయ్, నాకు తెలిసింది చెప్తాను." ఇందులో అమ్మ దాచిందన్న మాట లేదు, ఉండక్కర్లేదు. కొందరు కోప్పడతారు, "ఇప్పుడెందుకు తవ్వుతున్నావ్" అంటారు. వాదించకండి. పది రోజులైనా ఉలుకూ పలుకూ లేని వాళ్ళకు ఒక్కసారి ఫోన్ చేసి, మెసేజ్ చూశారా అని మాత్రం అడగండి. ఆ తర్వాత పరీక్ష వాళ్ళ ఇష్టం.